నిబంధనకు తేదీ ఉంటుంది, సాయానికి ఉండదు

2026 జనవరి 1 నుంచి ఐరోపా సంఘం దేశాలకు ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు అమ్మాలంటే సరుకుతో పాటు ఒక లెక్క కూడా పంపాలి. దాన్ని తయారు చేయడంలో ఎంత కర్బన ఉద్గారం గాలిలో కలిసిందో అందులో ఉండాలి. దానికి తగ్గ ధరను అక్కడి దిగుమతిదారు చెల్లించాలి. కాఫీ, కోకో, రబ్బరు, సోయా, పామాయిల్, కలప, పశువుల ఉత్పత్తుల మీద ఇంకో చట్టం సిద్ధంగా ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేల మీద ఆ పంట పండలేదని అక్షాంశ రేఖాంశాలతో సహా చూపమంటుంది అది. దాని అమలు ఇప్పటికే ఒకసారికి మించి వాయిదా పడింది.

ఇలాంటి నిబంధన వచ్చిన ప్రతిసారీ వర్ధమాన దేశాలు అభ్యంతరం చెబుతాయి. ప్రతిసారీ ఒకే జవాబు వస్తుంది: సామర్థ్య నిర్మాణానికి సాయం చేస్తాం. 1992 రియో ధరిత్రీ సదస్సు కార్యాచరణ పత్రమైన ఎజెండా 21 ఈ మాటకు ఏకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ 2001 దోహా ప్రకటనలో అది అడుగడుగునా కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా వింటున్న ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, అది ఎప్పుడు పని చేసింది, ఎప్పుడు చేయలేదు?

సామర్థ్యం అంటే శిక్షణ తరగతి కాదు

వాణిజ్యం, సుస్థిర అభివృద్ధి అనే రెండు మాటలను ముందు విడదీసి చూద్దాం. వాణిజ్యం అంటే దేశాల మధ్య కొనుగోలు, అమ్మకం. సుస్థిర అభివృద్ధి అంటే రేపటి తరం అవసరాలకు గండి కొట్టకుండా ఇవాళ్టి అవసరాలు తీర్చుకోవడం. ఈ రెండూ కలవాలన్న ఆశయం కొత్తదేమీ కాదు. 1995 జనవరి 1న పుట్టిన ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవస్థాపక ఒప్పందం పీఠికలోనే సుస్థిర అభివృద్ధి ప్రస్తావన ఉంది. చిక్కంతా పీఠిక దాటిన తర్వాతే.

ఇక సామర్థ్యం. ఒక దేశంలోని మనుషులు, సంస్థలు, మొత్తం సమాజం తమ పనులను తామే చక్కబెట్టుకోగలగడం అని స్థూలంగా చెప్పుకోవచ్చు. మనుషులకు నేర్పడం ఇందులో ఒక అంచె మాత్రమే. నేర్చుకున్న మనిషి పని చేయడానికి నడుస్తున్న సంస్థ కావాలి. ఆ సంస్థకు చట్టం ఇచ్చిన అధికారం, ఏటా అందే బడ్జెట్ కావాలి. ఈ మూడింటిలో మొదటిదానికే సాయం ఎక్కువగా దొరుకుతుంది, ఎందుకంటే హోటల్లో మూడు రోజుల సదస్సు పెట్టి, హాజరు పట్టీ జతచేసి నివేదిక పంపడం అన్నిటికన్నా తేలిక. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఆ సదస్సులను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

వాణిజ్యంలో ఒక దేశానికి నాలుగు రకాల సత్తా కావాలి. అమ్మడానికి సరుకు తయారు చేయగలగాలి. ఆ సరుకు నిబంధనలకు లోబడి ఉందని కొనేవాడు నమ్మేలా రుజువు చేయగలగాలి. నిబంధనలు రాసే బల్ల దగ్గర కూర్చుని తన మాట చెప్పగలగాలి. అన్యాయం జరిగితే వాదించగలగాలి. చర్చంతా రెండోదాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక ప్రయోగశాల లోపల

అఫ్లాటాక్సిన్ అనేది వేరుసెనగ, మొక్కజొన్న వంటి గింజలకు పట్టే ఒక రకం బూజు నుంచి పుట్టే విషం. కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. నేరుగా తినే వేరుసెనగలో ఇది కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని 1998లో ఐరోపా సంఘం పరిమితి పెట్టింది. గ్రాములో పది లక్షలవ వంతు ఒక మైక్రోగ్రాము.

దీన్ని కొలవాలంటే ఏమేం కావాలో చూడండి. ఖరీదైన యంత్రం కావాలి. అది ఆగకుండా నడవడానికి నిలకడైన కరెంటు, స్వచ్ఛమైన రసాయనాలు, విడిభాగాలు కావాలి. నమూనా తీయడమే ఒక విద్య. విషం బస్తా అంతటా సమానంగా పరుచుకుని ఉండదు, ఎక్కడో కొన్ని గింజల్లో పేరుకుంటుంది. చిన్న నమూనా తీస్తే ఆ గింజలు దొరకకపోవచ్చు, లేదా అవే దొరికి మంచి సరుకు కూడా తిరస్కరణకు గురికావచ్చు. ఇవన్నీ సరిగ్గా చేసినా ప్రయోగశాలకు ఐఎస్‌ఓ 17025 అనే అంతర్జాతీయ ప్రయోగశాల నాణ్యతా ప్రమాణం కింద గుర్తింపు లేకపోతే దాని నివేదికను అవతలివాళ్లు లెక్కలోకి తీసుకోరు. ఆ గుర్తింపును రుసుములు కట్టి, తనిఖీలకు నిలబడి కాపాడుకుంటూ ఉండాలి. చివరగా, ఇదంతా నేర్చిన రసాయన శాస్త్రవేత్త ఎక్కువ జీతం ఇచ్చే ప్రైవేటు సంస్థకు వెళ్లిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. సాయం చేసే దేశం సాధారణంగా యంత్రం కొనిస్తుంది. అయిదో ఏట విడిభాగానికి డబ్బు ఎవరిస్తారన్నది ఆ ఒప్పందంలో ఉండదు.

ఈ అఫ్లాటాక్సిన్ పరిమితి మీద ఒక పేరుపొందిన వివాదం ఉంది. అంతర్జాతీయ ప్రమాణంతో పోలిస్తే ఐరోపా పరిమితి వల్ల ఆఫ్రికా దేశాల గింజలు, ఎండు పండ్ల ఎగుమతులు ఏడాదికి 67 కోట్ల డాలర్ల మేర పడిపోతాయని, దానివల్ల ఐరోపాలో తప్పే మరణాలు వంద కోట్ల మందిలో ఏడాదికి రెండు కూడా ఉండవని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2001లో అంచనా కట్టారు. ధనిక దేశాల అతి జాగ్రత్త పేదవాడి కడుపు కొడుతోందనడానికి ఈ లెక్క ఏళ్ల తరబడి ఆధారమైంది. 2012లో ఇద్దరు పరిశోధకులు అసలు వ్యాపార గణాంకాలు తీసి చూస్తే, ఆఫ్రికా వేరుసెనగ ఎగుమతుల మీద ఆ పరిమితి ప్రభావం చెప్పుకోదగ్గంతగా కనిపించలేదు. పండించి, ఆరబెట్టి, నిల్వ చేసే శక్తే అంతకు ముందు నుంచీ కుంటుపడి ఉందన్నది వాళ్ల వాదన.

ఈ రెండు అధ్యయనాల్లో ఒకదాన్నే చదివినవాళ్లు ఒక పక్షం తీసుకుంటారు. రెండూ చదివితే ప్రశ్న మారిపోతుంది. నిబంధన సడలించినంత మాత్రాన సరుకు రాదు. పైగా ఎగుమతి పరీక్షలో తప్పిన గింజలు చెత్తబుట్టలోకి వెళ్లవు, ఏ పరీక్షా లేని స్థానిక మార్కెట్‌కు చేరతాయి. ఆ విషాన్ని తినేది పండించిన దేశపు పిల్లలే. ప్రయోగశాలను కేవలం ఎగుమతి సరుకు కోసం కట్టడంలో ఉన్న లోపం ఇదే.

రొయ్యలు, తాబేళ్లు, నాలుగు నెలలు

సాయం అనేది మర్యాద మాటగా మిగలకుండా న్యాయ ప్రశ్నగా మారిన సందర్భం ఒకటుంది. రొయ్యల కోసం ట్రాల్ వలలు లాగినప్పుడు సముద్ర తాబేళ్లు చిక్కుకుని ఊపిరాడక చనిపోతాయి. వలలో ఒక చట్రం బిగిస్తే తాబేలు బయటపడి రొయ్యలు లోపల ఉంటాయి. అలాంటి ఏర్పాటు లేని దేశాల రొయ్యలను కొనబోమని అమెరికా చట్టం చేసింది. మొదట కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ ప్రాంతంలోని 14 దేశాలకు ఇది వర్తించింది. వాటికి మూడేళ్ల వ్యవధి దొరికింది, ఆ పరికరం వాడకం నేర్పే సాయమూ అందింది. తర్వాత అమెరికా కోర్టు ఆదేశంతో 1996లో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించినప్పుడు మిగతా దేశాలకు దక్కింది నాలుగు నెలలు.

భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో వెలువడిన అప్పీలు తీర్పును చాలామంది పర్యావరణానికి వ్యతిరేకమైన తీర్పుగా గుర్తుపెట్టుకున్నారు. నిజానికి తాబేళ్లను కాపాడే ఉద్దేశంతో వాణిజ్యాన్ని నియంత్రించడం చెల్లుతుందనే అందులో ఉంది. తప్పు పట్టింది అమలు తీరును: కొన్ని దేశాలకు మూడేళ్లు, కొన్నిటికి నాలుగు నెలలు ఇవ్వడాన్ని, సాంకేతికతను అందించడంలో ఒకరి మీద చూపిన శ్రద్ధ మరొకరి మీద చూపకపోవడాన్ని, చర్చలు జరపకుండానే నిషేధం పెట్టడాన్ని. అమెరికా నిషేధాన్ని ఎత్తేయలేదు. మార్గదర్శకాలను సడలించి, చర్చలు మొదలుపెట్టి, సాంకేతిక సాయం ఇవ్వజూపింది. దాంతో మలేషియా మళ్లీ సవాలు చేసినా 2001లో నెగ్గలేకపోయింది.

సాయం చేసి తీరాలనే సాధారణ బాధ్యతను ఈ తీర్పు సృష్టించలేదు. ఒకరికి ఇచ్చి మరొకరికి ఇవ్వకపోవడం వివక్ష అవుతుందని మాత్రం చెప్పింది. అంతవరకైనా తేల్చింది.

గడువును సాయానికి ముడివేసిన ఒప్పందం

1995 నాటి ఒప్పందాల పద్ధతి వేరు. మేధో సంపత్తి, ఆహార భద్రతా ప్రమాణాలు, కస్టమ్స్ విలువ నిర్ధారణ వంటి వాటికి వర్ధమాన దేశాలకు కొన్నేళ్ల అదనపు గడువు ఇచ్చారు. ఆ గడువులోగా శక్తి ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఆ మూడు ఒప్పందాల అమలుకే ఒక దేశానికి దాదాపు 15 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, అనేక పేద దేశాల మొత్తం ఏడాది అభివృద్ధి బడ్జెట్ కంటే అది ఎక్కువని ప్రపంచ బ్యాంకుకు చెందిన మైఖేల్ ఫింగర్, ఫిలిప్ షులర్ లెక్కగట్టారు. తేదీ వచ్చింది, శక్తి రాలేదు.

2013లో బాలిలో కుదిరి 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం దీన్ని తిరగేసింది. సరిహద్దుల్లో సరుకు ఆగిపోకుండా కాగితాలు, తనిఖీలు తగ్గించడం దాని ఉద్దేశం. ఇందులో ప్రతి వర్ధమాన దేశం తన బాధ్యతలను తానే మూడు కుప్పలుగా పోస్తుంది. ‘ఎ’ అంటే వెంటనే చేస్తాను. ‘బి’ అంటే కొంత వ్యవధి ఇస్తే చేస్తాను. ‘సి’ అంటే వ్యవధితో పాటు సాయం అందితేనే చేస్తాను.

ఒక ఊహా దేశాన్ని తీసుకుందాం. కస్టమ్స్ నియమాలను ఇంటర్నెట్‌లో పెట్టడం దానికి తేలిక, అది ‘ఎ’లో చేరుతుంది. సరుకు రేవుకు చేరకముందే కాగితాలు పరిశీలించే పద్ధతికి సిబ్బందిని సర్దాలి కాబట్టి రెండేళ్లు అడిగి ‘బి’లో రాస్తుంది. అన్ని శాఖల అనుమతులూ ఒకేచోట దొరికే సింగిల్ విండో పెట్టాలంటే కంప్యూటర్ వ్యవస్థ, చట్ట సవరణ, శాఖల మధ్య రాజీ కావాలి. అది ‘సి’. సాయం రాకపోతే గడువు పొడిగించమని అడిగే దారి, నిపుణుల బృందం చేత పరిశీలన చేయించుకునే దారి ఒప్పందంలోనే ఉన్నాయి.

మురిసిపోయే ముందు రెండు విషయాలు గమనించాలి. దాతలు ఇంత సొమ్ము ఇవ్వాలని ఇందులో కూడా లేదు; పరస్పరం ఒప్పుకున్న షరతుల మీద సాయం అందేలా చూస్తామని మాత్రమే ఉంది. రెండోది, రేవులో సరుకు త్వరగా కదిలితే దాత దేశపు ఎగుమతిదారుకూ లాభమే. సాయం ఉదారంగా దొరికే చోట్లు చాలావరకు ఇలాంటివే. అడవుల సర్వేకో, ఉద్గారాల మీటర్లకో ఇంత చక్కని ముడి ఎందుకు పడలేదంటే జవాబులో కొంత భాగం ఇక్కడుంది.

విక్టోరియా సరస్సు: పరీక్ష నెగ్గింది, చేప తగ్గింది

సామర్థ్య నిర్మాణం విజయవంతమైతే ఏమవుతుంది? ఉగాండా కథ చూద్దాం. 1997 నుంచి 2000 దాకా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా, కలరా భయం, చివరికి చేపలు పట్టడానికి సరస్సులో పురుగుమందు కలుపుతున్నారన్న వార్తలు, ఇలా ఒకదాని వెనక ఒకటిగా విక్టోరియా సరస్సు చేపల మీద ఐరోపా ఆంక్షలు పెట్టింది. తనిఖీ బాధ్యత పలు చోట్ల చీలి ఉండటం ఉగాండా బలహీనత. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో ఆ దేశం తనిఖీ వ్యవస్థను మళ్లీ నిర్మించుకుంది. కర్మాగారాలు శుభ్రత పద్ధతులు మార్చుకున్నాయి, పడవలు ఒడ్డుకు చేరే రేవులు బాగుపడ్డాయి, నిషేధం తొలగింది, ఎగుమతులు పెరిగాయి. సదస్సుల్లో పదే పదే చెప్పే ఆదర్శ ఉదాహరణ అయింది.

కానీ ఆ ఎగుమతి చేప నైల్ పెర్చ్. 1950ల ప్రాంతంలో బయటి నుంచి తెచ్చి సరస్సులో వదిలితే, స్థానిక చేప జాతులను లెక్కలేనన్నిటిని మింగేసిన జాతి అది. ఐరోపా తలుపు తెరుచుకున్నాక వేట మరింత పెరిగింది. కొన్నేళ్లకే నిల్వలు పడిపోయాయి, శుద్ధి కర్మాగారాలు కొన్ని మూతపడ్డాయి. అక్రమ వేటను అరికట్టడానికి 2017లో ప్రభుత్వం సైన్యాన్ని దింపింది, అది చిన్న జాలరుల మీద జులుంగా మారిందన్న ఆరోపణలు వచ్చాయి.

పళ్లెంలో చేప శుభ్రంగా ఉందని రుజువు చేసే శక్తిని ఉగాండా సాధించింది. సరస్సులో చేప ఎంత మిగిలిందో లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం వేటను ఆపే శక్తి అదే వేగంతో పెరగలేదు. మొదటిదాన్ని కొనేవాడు అడిగాడు, రెండోదాన్ని అడిగేవాడు లేడు.

లెక్క చెప్పలేకపోతే ఎంత నష్టం?

మొదట్లో చెప్పిన ఉక్కు, సిమెంటు వగైరాల మీది ఐరోపా కర్బన సుంకం విషయంలో సామర్థ్య లోపానికి నేరుగా ధర కట్టవచ్చు. ఐరోపా తన కర్మాగారాలకు ఇచ్చే ఉచిత ఉద్గార కోటా, అంటే ధర కట్టకుండా కొంత కర్బనం వదిలే వెసులుబాటు, 2034 నాటికి పూర్తిగా పోతుంది. అప్పుడు సుంకం పూర్తి స్థాయిలో పడుతుంది. ఆ స్థితిని ఊహించి లెక్క వేద్దాం. ఇవి వివరణ కోసం అనుకున్న అంకెలు మాత్రమే.

ఒక ఉక్కు కర్మాగారం ఏడాదికి 1,000 టన్నులు పంపుతుంది. టన్ను ఉక్కుకు అసలు ఉద్గారం 1.8 టన్నులు. కానీ దాన్ని కొలిచే మీటర్లు లేవు, ధ్రువీకరించే గుర్తింపు పొందిన సంస్థ దగ్గర్లో లేదు. అప్పుడు దిగుమతిదారు ముందే నిర్ణయించిన సగటు అంకెను వాడాలి. అది 2.5 అనుకుందాం. టన్ను కర్బనానికి 80 యూరోలైతే, అసలు అంకెతో కట్టాల్సింది 1,44,000 యూరోలు. సగటు అంకెతో 2,00,000 యూరోలు. తేడా 56,000 యూరోలు. ఈ కర్మాగారం ఆ డబ్బు కట్టింది కాలుష్యానికి కాదు, కాలుష్యాన్ని కొలవలేకపోయినందుకు. తన కంటే ఎక్కువ పొగ వదిలి, మంచి ఆడిటర్‌ను పెట్టుకోగలిగిన పోటీదారు కంటే ఇదే ఎక్కువ కట్టే అవకాశమూ ఉంది. ఏడాదికి 50 టన్నుల లోపు తెచ్చుకునే దిగుమతిదారులకు 2025లో మినహాయింపు ఇచ్చారు, అది నిజంగా చిన్న వ్యాపారానికి ఊరట.

కాఫీ, కోకో రైతుల పరిస్థితి ఇంకా సున్నితం. నాలుగు హెక్టార్లు మించిన కమతానికి సరిహద్దు గీత మొత్తం, అంతకు తక్కువైతే ఒక బిందువు నమోదు చేస్తే చాలంటుంది అడవుల చట్టం. వినడానికి సులువే. వేలాది చిన్న రైతుల పంట ఒకే గోదాములో కలిసిపోయే దేశంలో ఏ గింజ ఏ తోటదో విడదీయడం చాలా కష్టం. ఆ పటాలు ఎవరి దగ్గర ఉంటాయన్నది ఇంకో పేచీ. కొనుగోలు కంపెనీ ఖర్చు భరించి నమోదు చేయిస్తే, ఆ రైతు ఇంకొకరికి అమ్ముకునే స్వేచ్ఛ ఆ కంపెనీ కంప్యూటర్‌లో చిక్కుకుంటుంది.

వాదించగలిగే బలం

ప్రపంచ వాణిజ్య సంస్థలో 166 సభ్య దేశాలున్నాయి, నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరుగుతాయి. కాగితం మీద అందరూ సమానం. జెనీవాలో ఒకే రోజు మూడు కమిటీలు సమావేశమైతే, ఇద్దరే అధికారులున్న దేశం ఏ గదిలో కూర్చోవాలి? కొన్ని దేశాలకు అక్కడ కార్యాలయమే లేదు.

వివాదాల సంగతీ అంతే. అత్యంత పేద దేశాల జాబితాలోని వాటిలో ఇప్పటిదాకా ఫిర్యాదు దాఖలు చేసింది బంగ్లాదేశ్ ఒక్కటే. మరీ తక్కువ ధరకు సరుకు కుమ్మరిస్తున్నారంటూ తమ బ్యాటరీల మీద భారత్ వేసిన డంపింగ్ నిరోధక సుంకాన్ని 2004లో సవాలు చేసింది. తక్కువ ఖర్చుతో న్యాయ సలహా ఇచ్చేందుకు 2001లో జెనీవాలో ఏర్పడిన సలహా కేంద్రం దానికి తోడు నిలిచింది. కేసు తీర్పు దాకా వెళ్లకుండానే, 2005లో భారత్ ఆ సుంకాన్ని ఎత్తేసింది. సామర్థ్యానికి నేను చూసిన ఉదాహరణల్లో ఇంత చవకగా ఇంత స్పష్టమైన ఫలితం ఇచ్చింది మరొకటి కనిపించదు. అయినా దాతల ఖర్చులో ఇలాంటి పనికి చాలా చిన్న వాటానే దక్కుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ 2005 హాంకాంగ్ సమావేశంలో మొదలైన ‘వాణిజ్యానికి సాయం’ కార్యక్రమం కింద ఇప్పటిదాకా 60,000 కోట్ల డాలర్లకు పైగా అందిందంటారు. అందులో సింహభాగం రోడ్లు, విద్యుత్తు, వ్యవసాయం, బ్యాంకింగ్ వంటి వాటికి పోయింది. అవీ అవసరమే. పైగా అందులో గణనీయమైన భాగం గ్రాంటు కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు.

ఎవరి వాదనలో ఎంత బలం?

కఠిన ప్రమాణాలను సమర్థించేవారు వాటిని గోడలుగా కాక మెట్లుగా చూడమంటారు. ఒత్తిడి లేకపోతే ఉగాండా తన తనిఖీ వ్యవస్థను మార్చుకునేది కాదన్నది నిజమే. వాతావరణ మార్పు ఎవరి వెసులుబాటు కోసమూ ఆగదన్నదీ నిజమే.

వ్యతిరేకించేవారు రియో ప్రకటనను గుర్తు చేస్తారు. అందరిదీ ఉమ్మడి బాధ్యతే అయినా దాని బరువు వేర్వేరని ఏడో సూత్రం చెబుతుంది. దిగుమతి చేసుకునే దేశం తన పరిధి దాటిన పర్యావరణ సమస్యల మీద ఏకపక్ష చర్యలకు దిగకుండా ఉండాలని పన్నెండో సూత్రం చెబుతుంది. వాతావరణంలో పేరుకున్న కర్బనంలో తమ వాటా స్వల్పమైన దేశాలు కొలత పరికరాల ఖర్చు కూడా తామే భరించాలనడం అన్యాయమని వీరి వాదన. ధనిక దేశాలు తమ పరిశ్రమను కాపాడుకోవడానికి పచ్చరంగు పూసుకున్నాయన్న అనుమానమూ ఉంది. ప్రతి నిబంధనకూ ఇది వర్తించదు, కానీ అనుమానానికి చోటిచ్చే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఈ రెండు పక్షాలకూ పెద్దగా వినబడని మూడో గొంతు ఒకటుంది: సాయం అందుకునే దేశాల అధికారులది. వారి ఫిర్యాదు డబ్బు చాలదని మాత్రమే కాదు. డజను సంస్థల డజను చిన్న ప్రాజెక్టులు, ఒక్కోదానికి ఒక్కో నివేదిక నమూనా, మూడేళ్లకు ముగిసే నిధులు, శాఖలోని సమర్థులను ఎక్కువ జీతానికి లాక్కుపోయే ప్రాజెక్టు కార్యాలయాలు. సామర్థ్యం పెంచడానికి వచ్చినవాళ్లు ఉన్న సామర్థ్యాన్ని పట్టుకుపోవడం కంటే విడ్డూరం ఉండదు.

సముద్రంలో కొత్త ప్రయోగం

2025 సెప్టెంబరు 15న మత్స్య సబ్సిడీల ఒప్పందం అమల్లోకి వచ్చింది. పర్యావరణ సుస్థిరతే ప్రధాన లక్ష్యంగా ప్రపంచ వాణిజ్య సంస్థ చేసిన మొదటి ఒప్పందం ఇది. అక్రమ వేటకు, ఇప్పటికే అతివేటకు గురైన నిల్వల మీద వేటకు ప్రభుత్వాలు సబ్సిడీ ఇవ్వకూడదు. సముద్ర చేపలకే ఇది వర్తిస్తుంది, విక్టోరియా సరస్సు దీని పరిధిలోకి రాదు.

ఒక చేప జాతి అతివేటకు గురైందో లేదో తేల్చాలంటే పరిశోధన పడవలు, జీవ శాస్త్రవేత్తలు, ఏళ్ల తరబడి పట్టిన చేపల లెక్కలు కావాలి. అందుకే ఈ ఒప్పందంలోనే సామర్థ్య నిర్మాణానికి ప్రత్యేక నిధి పెట్టారు. వర్ధమాన దేశాలు తమ ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో, అంటే వేట హక్కు తమకే ఉన్న తీర సముద్రంలో, ఇచ్చే సబ్సిడీల మీద రెండేళ్ల పాటు వివాదాలు లేవనెత్తకూడదనీ రాశారు.

ఇంకో నిబంధన కూడా ఉంది. అతివేటకు దారితీసే మిగతా సబ్సిడీల మీద సమగ్ర నియమాలు నాలుగేళ్లలోగా కుదరకపోతే, సభ్య దేశాలు వేరే విధంగా నిర్ణయిస్తే తప్ప, ఈ ఒప్పందమే రద్దవుతుంది. అంటే 2029 సెప్టెంబరు దాకానే దీనికి భరోసా. నిధితో ఇప్పుడు చేపల లెక్క మొదలుపెట్టే దేశానికి నమ్మదగ్గ అంకె ఒకటి చేతికి రావడానికి కూడా అంతే కాలం పట్టవచ్చు.